మౌత్‌వాష్‌తో నోటి కంపు పోతుందా? నల్గొండ నుంచి వెనక్కి చూస్తే

నల్గొండ జిల్లాలో పళ్ల సంగతి ఎత్తితే మాట ముందుగా ఫ్లోరైడ్ మీదికే వెళుతుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరునీళ్లు తాగి పెరిగిన తరాల పళ్ల మీద పసుపు, గోధుమరంగు చారలు కనిపిస్తాయి. పెళ్లిచూపుల్లో నోరు తెరిచి నవ్వడానికి జంకినవాళ్లు ఇక్కడ తక్కువేమీ కాదు. కాబట్టి మౌత్‌వాష్ సీసా మీద ఈ ప్రాంతంలో రెండు ఆశలు పెట్టుకుంటారు. కంపు పోతుందని ఒకటి, పళ్ల రంగు కూడా పోతుందని ఇంకొకటి. రెండోది వృథా ఆశ. ఫ్లోరైడ్ మచ్చ పైన అంటిన మురికి కాదు. చిన్నతనంలో చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడే పింగాణీ పొరలో ఏర్పడిన లోపం. దానికి వాసనా లేదు, పుక్కిలిస్తే పోయే గుణమూ లేదు.

ఇక కంపు సంగతి. ఈనాటి సీసాలకు ముందుతరమైన లిస్టరిన్ అసలు నోటి కోసం పుట్టలేదు. 1879లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జోసెఫ్ లారెన్స్ అనే వైద్యుడు దాన్ని శస్త్రచికిత్సల్లో వాడే క్రిమినాశనిగా తయారుచేశాడు. 1895లో దంతవైద్యుల చేతికి వచ్చింది, 1914లో వైద్యుడి చీటీ లేకుండానే దుకాణాల్లోకి చేరింది. అమ్మకాలు పుంజుకున్నది మాత్రం 1920లలో, ప్రకటనల పుణ్యాన. అందచందాలున్నా పెళ్లి కుదరని అమ్మాయి బొమ్మ వేసి, లోపం నోటి వాసనదేనని, అది ఆమెకే తెలియదని భయపెట్టారు. ముందు జబ్బును అమ్మి, ఆ వెనుక మందు అమ్మారన్నమాట. అదే సీసా జలుబును, గొంతునొప్పిని ఆపుతుందని దశాబ్దాల పాటు చెప్పుకుంది. అది నిజం కాదని ప్రకటనల్లోనే ఒప్పుకోవాలని అక్కడి ప్రభుత్వ వ్యాపార నియంత్రణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1975లో ఆదేశించింది.

కంపు ఎక్కడినుంచి వస్తుందో శాస్త్రీయంగా తేలింది ఆ ప్రకటనలు మొదలైన చాలా ఏళ్లకు. 1960, 70లలో కెనడాలో జోసెఫ్ టోంజెటిచ్ పరిశోధనలు గంధకం కలిసిన వాయువులను పట్టి చూపాయి. నాలుక వెనుక భాగంలో పేరుకున్న పాచిలో, చిగుళ్ల సందుల్లో గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా మాంసకృత్తులను కుళ్లబెట్టి ఈ వాయువులను పుట్టిస్తుంది. చాలామందిలో దుర్వాసనకు మూలం కడుపు కాదు, నోరే.

ఈ విషయంలో మనవాళ్లది పాత అనుభవమే. నాలుక మొదట్లో చేరిన మలినం దుర్వాసన తెస్తుంది కాబట్టి నాలుకను గీసుకోవాలని చరక సంహిత చెప్పింది. పళ్లు తోమడానికి అది చెప్పిన చెట్లలో కానుగ కూడా ఉంది. పాలమూరు, నల్గొండ పల్లెల్లో వేపపుల్లో కానుగపుల్లో నమిలి, చివరికి దాన్నే నిలువునా చీల్చి నాలుక గీసుకునేవారు. బ్రష్షు వచ్చి పుల్లను పక్కకు నెట్టింది. దాంతో పాటు నాలుక గీసుకునే పని కూడా చాలా ఇళ్లలో మూలపడింది. వేపలోని చేదును గొప్పగా పొగిడేవాళ్లు ఆ చీల్చిన బద్ద చేసే పనిని మరచిపోవడం నాకు వింతగా ఉంటుంది.

అలాగని మౌత్‌వాష్ ఉత్త నీళ్లూ కాదు. 1970లో డెన్మార్క్ పరిశోధకులు క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశని 0.2 శాతం ఉన్న ద్రావణంతో రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తే పళ్ల మీద పాచి పట్టకుండా ఆగుతుందని చూపారు. దుర్వాసన మీద జరిగిన ప్రయోగాలను 2008లో కాక్రేన్ సమీక్ష (వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ చేసింది) పరిశీలించింది. క్లోర్‌హెక్సిడిన్, సెటైల్‌పిరిడీనియం క్లోరైడ్ అనే క్రిమినాశనులు నాలుక మీది బ్యాక్టీరియాను తగ్గించడంలోనూ, జింక్, క్లోరిన్ డయాక్సైడ్ వాయువులను అణచడంలోనూ తోడ్పడవచ్చని తేల్చింది. పుదీనా ఘాటు మాత్రమే ఉన్న సీసా కాసేపు కంపును కప్పుతుంది, అంతే.

నల్గొండవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన చిక్కు ఒకటుంది. క్లోర్‌హెక్సిడిన్ వారాల తరబడి వాడితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి, నాలుకకు రుచి కూడా మారుతుంది. అసలే ఫ్లోరైడ్ చారలున్న నోట్లో ఏ మచ్చ ఎక్కడిదో తెలియక, రంగు పోవాలని మరింత పుక్కిలిస్తే మరకలు ఇంకా ముదురుతాయి. మందు మరకను దంతవైద్యులు గీకి తీయగలరు, ఫ్లోరైడ్ చారను అలా తీయలేరు. సీసా మీద ఫ్లోరైడ్ అని రాసి ఉంటే అది పుచ్చుపళ్ల నివారణకు ఉద్దేశించింది, కంపుకు కాదు. ఆరేళ్లలోపు పిల్లలకు దాన్ని ఇవ్వకూడదు, ఎందుకంటే వాళ్లు ఉమ్మడం తెలియక మింగేస్తారు. నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో ఇది మరీ ముఖ్యం.

గుట్కా, జర్దా అలవాటు ఉన్నవాళ్లకు, ఎండాకాలంలో పొలంలో నోరు పిడచకట్టుకుపోయేవాళ్లకు సీసా చేసే మేలు తక్కువ. నోటిని కడిగేది ముఖ్యంగా లాలాజలమే, అది తగ్గితే వాసన తిరిగి వస్తుంది. పళ్లకు గార (గట్టిపడిన పాచి) పట్టి చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే ఏ మౌత్‌వాషూ ఆ సందుల లోతుకు చేరదు. దానికి గార తీయించుకోవలసిందే. నార్కట్‌పల్లిలోనూ మహబూబ్‌నగర్‌లోనూ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి.