మళ్లీ అలిఫ్ దగ్గరికి

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. పోయిన సెలవుల్లో మనం గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్లినప్పుడు, నల్లరాతి మీద ఉబ్బెత్తుగా చెక్కిన అరబ్బీ రాతను చూసి, "తాతయ్యా, ఇవి అక్షరాలా, ముగ్గులా?" అని మీరు అడిగారు. ఎండకు తాళలేక అప్పుడేదో పొడిపొడిగా చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

అవి అక్షరాలే. అయితే అక్షరం అంత పొందికగా కుదరడం వెనుక ఎంత సాధన ఉంటుందో మీకు తెలియాలంటే, దూరదేశపు కుర్రవాడే అయినా, 1642లో తుర్కీ దేశపు ఇస్తాంబుల్‌లో పుట్టిన ఉస్మాన్ కథ చెప్పాలి. అతని తండ్రి మసీదులో అజాన్ పిలిచే ముఅజ్జిన్. మన వేదపాఠశాలల్లో పిల్లలు పనసలు వల్లె వేసినట్టే ఉస్మాన్ చిన్ననాడే ఖురాన్ మొత్తం కంఠస్థం చేశాడు. అలా చేసినవారిని హాఫిజ్ అంటారు కనుక అతనికి హాఫిజ్ ఉస్మాన్ అన్న పేరే స్థిరపడింది. నోటికి వచ్చిన గ్రంథాన్ని చేతికి కూడా తెచ్చుకోవాలన్నది ఆ తరువాత అతనికి పట్టుకున్న పట్టుదల. ఖురాన్‌లో ఒక అధ్యాయం కలం మీద ఒట్టుతోనే మొదలవుతుంది. మానవుడికి దేవుడు కలంతో నేర్పాడన్న మాట ఇంకొకచోట వస్తుంది. ప్రార్థనా స్థలంలో ప్రాణుల బొమ్మలు గీయకపోవడం ఆచారం కావడంతో, ఇతర దేశాల్లో చిత్రకారులు బొమ్మలకు ధారపోసిన నేర్పంతా అక్కడ అక్షరానికి దక్కింది.

ఇంతకీ ఆ రాతకు కొలబద్ద ఏమిటో తెలుసా? ఒక చుక్క. రెల్లుపుల్లను ఏటవాలుగా కోసి, మొన మధ్యలో సన్నని చీలిక పెట్టి, సిరాలో ముంచి కాగితం మీద ఒత్తి లాగితే మూలమీద నిలబెట్టిన చతురస్రంలాంటి చుక్క పడుతుంది. సులుస్ అనే శైలిలో, అరబ్బీ తొలి అక్షరమైన అలిఫ్ అనే నిలువు గీతకు ఇలాంటివి ఏడు చుక్కల ఎత్తు ఉండాలని ఉస్మాన్ కాలపు గురువులు లెక్క చెప్పేవారు. కలం మొన లావైతే చుక్కా లావవుతుంది, దానితోపాటే అక్షరమూ పెరుగుతుంది. అందువల్ల గోరంత రాతలోనైనా గోడంత రాతలోనైనా పొందిక చెడదు. చుక్కతో కొలిచే ఈ పద్ధతిని బాగ్దాదులో 940లో కన్నుమూసిన ఇబ్న్ ముఖ్లా ఏర్పరచాడని చెబుతారు. నేనూ ఒక వెదురుపుల్ల చెక్కి మూడు రోజులు ప్రయత్నించాను. నాకు ఒక్క చుక్క కూడా నలుపలకలుగా రాలేదు సరికదా, మీ అమ్మమ్మ కొత్త దుప్పటికి మాత్రం మరక అయింది.

వాళ్ల సిరా దీపపు మసితో, తుమ్మజిగురుతో తయారయ్యేది. మన ఇళ్లలో ఆముదపు దీపం మసితో కాటుక పట్టినట్టే, ఇస్తాంబుల్‌లోని సులేమానియే మసీదులో నూనెదీపాల పొగ అంతా గాలివాటున వాకిలి పైనున్న ఒక గదిలోకి చేరేలా కట్టి, అక్కడ పేరుకున్న మసిని సిరాకు వాడేవారు. కాగితానికి గుడ్డుసొన, పటిక కలిపి పూసి, నున్నని రాయితో మెరుగు పెట్టేవారు. సిరా లోపలికి ఇంకకుండా పైపూత మీదే నిలిచేది కనుక, తప్పు పడితే తడివేలితో తుడిచి దిద్దుకోవచ్చు. పవిత్ర గ్రంథం రాసేవాడికి ఈ వెసులుబాటు ఎంత అవసరమో ఆలోచించండి.

ఉస్మాన్ మొదట వృద్ధుడైన దర్వేష్ అలీ దగ్గర చేరాడు. ఆ తరువాత సుయోల్జుజాదే ముస్తఫా దగ్గర నేర్చుకుని, పద్దెనిమిదేళ్లకే ఇజాజత్ పొందాడు. తన రాత కింద తన పేరు పెట్టుకోవచ్చునని గురువు ఇచ్చే అనుమతిపత్రం అది. అది చేతిలో ఉంటే తానే శిష్యులను చేర్చుకోవచ్చు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చినది ఆ తరువాతి ఘట్టం. అంతకు నూరేళ్ల పైచిలుకు ముందు, 1520లో గతించిన షేక్ హమ్‌దుల్లా రాతలోని ఒడుపు తనకింకా పట్టుబడలేదని అతనికి అనిపించింది. ఆ ఒడుపు బాగా ఎరిగిన నెఫెస్‌జాదే ఇస్మాయిల్ దగ్గరికి వెళ్లి, పట్టా పక్కన పెట్టి, విడి అక్షరాల నుంచి మళ్లీ దిద్దడం మొదలుపెట్టాడు. పలక మీద ఓనమాలు దిద్దే పసివాళ్ల సరసన ఒక పండితుడు వచ్చి కూర్చున్నాడనుకోండి, అలా ఉంటుంది! మళ్లీ దిద్దిన ఆ చేతి నుంచే చివరికి అతని సొంత ఒరవడి పుట్టింది. ఇరవై అయిదు ఖురాన్ ప్రతులు అతని చేతిమీదుగా వెలువడ్డాయంటారు; రాతిపలక మీది నుంచి కాగితం మీదికి అచ్చు తీసే పద్ధతి వచ్చాక అతని రాతలోని ఖురాన్ దేశదేశాలకూ చేరింది.

అతడు చేసిన కొత్త పని ఇంకొకటి ఉంది. ముస్లిములు సాధారణంగా ప్రవక్త బొమ్మను గీయరు. ఆయన రూపాన్నీ నడవడినీ మాటల్లో వర్ణించిన పాఠాన్ని హిల్యే అంటారు. కొందరు దాన్ని మడిచి జేబులో దాచుకునేవారు. ఉస్మాన్ దానిని గోడకు తగిలించే ఫలకంగా తీర్చాడు. పైన దైవనామం, నడుమ గుండ్రని వలయంలో వర్ణన, దాని చుట్టూ నెలవంక, నాలుగు మూలలా, ప్రవక్త తరువాత నాయకత్వం వహించిన తొలి నలుగురు ఖలీఫాల పేర్లు. చూసేవాడు చదువుతూ చదువుతూ రూపాన్ని తన మనసులోనే కట్టుకుంటాడు. నేటికీ ఆ దేశంలో రాతకళ నేర్చినవారు హిల్యే రాయాలంటే ఈ అమరికనే పాటిస్తారు.

1695లో గద్దెనెక్కిన సుల్తాన్ రెండవ ముస్తఫా అతని శిష్యుడే. గురువు రాస్తుంటే ఆ సుల్తాన్ సిరాబుడ్డి పట్టుకుని నిలబడేవాడని చెప్పుకుంటారు. 1698లో ఉస్మాన్ కన్నుమూశాడు.

మన 'కలం' అన్న మాట అరబ్బీ నుంచి వచ్చినదే. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వెదురుపుల్లకు గుడ్డ చుట్టి గుడ్డ మీద బొమ్మలు గీసేదీ కలంతోనే. ఈసారి సెలవులకు వచ్చేటప్పుడు గళ్ల కాగితాలు తెచ్చుకోండి. రెల్లుపుల్లలు నేను చెక్కి ఉంచుతాను. ముందు చుక్క పెట్టడం నేర్చుకుందాం. ఆ తరువాత గోల్కొండకు మళ్లీ వెళ్లి, ఆ నల్లరాతి మీది అలిఫ్ ఎన్ని చుక్కల ఎత్తుందో దూరం నుంచే లెక్కగడదాం.

ఇట్లు,
మీ తాతయ్య