వత్తులు, గుజ్జుబుట్టలు, తోరణాలు: పెద్దవాళ్ల చేతిపనుల మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: ముసలితనం రెండో బాల్యం. పిల్లలకిచ్చే పనులే ఇస్తే సరి.

అరవై ఏళ్లు సంసారం ఈదిన మనిషి చేతికి రంగు పెన్సిలిచ్చి చిలకబొమ్మ నింపమంటే మొదటిరోజు మొహమాటానికి నింపుతారు, రెండోరోజు నడుం నొప్పంటారు. తప్పు వాళ్లది కాదు. చేసిన వస్తువు ఎక్కడికి పోతుందో తెలిస్తేనే చెయ్యి కదులుతుంది. వత్తులైతే గుడికి, తోరణమైతే గుమ్మానికి, కాగితపు గుజ్జుబుట్టైతే ఇంట్లో వెల్లుల్లిపాయలకి.

పాత ఒడుపు ఏముందో ముందు అడగాలి. కందుకూరు, కొండపి వైపు బ్యారన్ల (పొగాకును వేడితో ఆరబెట్టే గదుల) దగ్గర కర్రలకు పొగాకు అల్లిన ఆడవాళ్లు చాలామంది. ఆకుల కాడలు జతచేసి దారం మెలికలో ఇరికించి లాగే ఆ అలవాటు మామిడాకు తోరణానికి అట్టాగే పనికొస్తుంది. వాళ్లకు నేర్పాల్సిందేమీ ఉండదు, కాడలు మరీ పొట్టిగా తెంపకుండా ఆకులు తెచ్చివ్వడం తప్ప.

అపోహ: చేతులు వణికేవాళ్లను పక్కన కూర్చోబెట్టడమే మేలు.

వణుకులో రకాలున్నాయి. పార్కిన్‌సన్స్ జబ్బులో చెయ్యి ఊరికే ఒళ్లో ఉన్నప్పుడు వణుకు ఎక్కువ, పనిలో పడితే చాలామందికి తగ్గుతుంది. ఇంకోరకం దీనికి తిరగబడి: గ్లాసు అందుకోబోతేనే మొదలవుతుంది. ఐదు నిమిషాలు గమనిస్తే ఎవరిది ఏదో కొంత తెలుస్తుంది. జబ్బు పేరు తేల్చడం డాక్టరు పని, చెయ్యి చూసి పని ఎంచడం మన పని. మొదటి రకం వాళ్లు వత్తులు చక్కగా చేస్తారు. రెండో రకం వాళ్లకు మోచేతులు రెండూ బల్లమీద ఆనే పని, అరచేత్తో అదిమే పని ఇవ్వాలి. కాగితపు గుజ్జు అద్దడం వాళ్ల కోసమే పుట్టిందా అన్నట్టుంటుంది. సన్నటి కుంచె, పెన్ను పట్టు చిక్కకపోతే పాత సైకిల్ ట్యూబు ముక్క నాలుగైదు చుట్లు చుట్టండి. లావైన పట్టుకు వేళ్లు అంతగా బిగించక్కర్లేదు, కీళ్లనొప్పులవాళ్లకూ హాయి.

అపోహ: వత్తులు చెయ్యడంలో ఏముంది, దూదిచుట్ట కొనిచ్చేస్తే చాలు.

సగం చోట్ల చెడేది ఇక్కడే. మందుల షాపు దూది పొరలు పొరలుగా అదిమి ఉంటుంది, పేనబోతే పుటుక్కున తెగుతుంది. తెగితే అవ్వ "నా చేతులు పనికిరాకుండా పోయినయ్" అనుకుంటుంది. పనికిరానిది దూది. గింజతో ఉన్న పత్తి తెప్పించండి. గింజ తియ్యడం ఒక పని, విడిపించి మెత్తగా చెయ్యడం ఇంకో పని, పేనడం మూడోది. గింజ వేలికే తెలుస్తుంది కాబట్టి చూపు బాగా తగ్గినవాళ్లకు మొదటి పని అప్పజెప్పొచ్చు.

పువ్వొత్తికి గోళీకాయంత దూది తీసుకుని రూపాయి బిళ్లంత పరిచి, నడిమి భాగాన్ని పైకి లాగి వేళ్లతో మెలిపెడితే కాడ నిలుస్తుంది. వేళ్లకు చిటికెడు విభూతి రాసుకోవాలి. అది అలవాటు కోసమే కాదు, మన ఉక్కపోతకు చెమటతో తడిసిన వేళ్లకు దూది అంటుకుపోయి పీచులు లేస్తుంది. విభూతి తడి పీల్చి పట్టునిస్తుంది. తెల్ల దూదిని తెల్ల గుడ్డమీద పెడితే కనపడదు. కింద ముదురు నీలం తువ్వాలు పరవండి.

కార్తీక పౌర్ణమికి 365 వత్తుల కట్టలు కడితే ఉత్సాహం రెట్టింపు, కాకపోతే లెక్క దగ్గర గొడవలు. "నూటపదో, నూటఇరవయ్యో" అని ఒకరు మర్చిపోతే మళ్లీ మొదటికొస్తుంది. ఎవరూ పదికి మించి లెక్కపెట్టకుండా చూడండి. పదేసి వత్తులు దారంతో కట్టి పళ్లెంలో వెయ్యాలి. ముప్పయ్యారు చిన్న కట్టలు, విడిగా ఐదు. అయిపోయింది.

ఫ్యాను తిరిగితే దూది ఎగురుతుంది, ఆపితే మే నెలలో కూర్చోలేరు. అందుకని వేసవిలో ఈ పని పొద్దున ఎనిమిదింటికి పెట్టుకోవాలి. కీళ్లవాతం వాళ్లకు ఆ వేళకు వేళ్లు బిగుసుకుని ఉంటాయి, పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టిస్తే సడలుతాయి. నీళ్ల వేడి మాత్రం మీరే మోచేత్తో చూడాలి. షుగరున్నవాళ్లకు కాలేదీ లేనిదీ తెలియకపోవచ్చు. ఆయాసం ఉన్నవాళ్లనూ, ఈమధ్యే శుక్లం ఆపరేషన్ అయినవాళ్లనూ పత్తి విడిపించే చోట కూర్చోబెట్టొద్దు.

అపోహ: కాగితపు గుజ్జు బుట్టలు ఎండలో పెడితే గట్టిపడతాయి.

ఎండలో పెడితే పగులుతాయి. పైపొర ముందే ఆరి కుంచించుకుపోతుంది, లోపల ఇంకా తడి. పగుళ్లు అక్కణ్ణుంచే మొదలవుతాయి. మొదటి రెండురోజులు నీడలో గాలి తగిలేచోట, తర్వాత మూడు నాలుగు రోజులు ఎండలో ఉంచాలి.

కొలతలు: పాత పేపర్లు కిలో, మెంతులు 100 గ్రాములు. పేపరు చించి మూడు రోజులు నానబెట్టాలి, రోజూ నీళ్లు మార్చాలి, లేకపోతే కంపు. మెంతులు రాత్రి నానేసి మెత్తగా రుబ్బితే జిగురొస్తుంది, పురుగూ అంతగా పట్టదు. పేపరు పిండి, రోట్లోనో గ్రైండర్‌లోనో రుబ్బి మెంతిముద్ద కలిపితే చపాతీపిండిలా ఉండాలి. గుజ్జులోంచి నీళ్లు కారుతుంటే అది జారి అంచు దగ్గర లావు, నెత్తిన పలచన అవుతుంది. బేసిన్ బోర్లించి, తడిగుడ్డ కప్పి, దానిమీద చిటికెనవేలి మందం కంటే తక్కువగా అద్దాలి. గుడ్డ మర్చిపోతే ఎండాక బేసిన్‌ను వదలదు, కొట్టి విడదీస్తే బుట్ట ముక్కలే.

చేతులతో గుజ్జు పిండటం కీళ్లనొప్పులకు పడదు. పలచటి పంచెగుడ్డలో మూటగట్టి ఇద్దరు రెండు కొసలూ పట్టి మెలిపెడితే బలం చేతులకు చేరుతుంది, వేళ్లమీద పడదు. ఇంకొకటి: పాతకాలం వాళ్లు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం వేసేవాళ్లు. అది విషం. మతిమరుపు ఉన్నవాళ్లు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు, కాబట్టి గదిలోకే రానివ్వొద్దు. పేపరు మీది సిరా ఎక్కడికీ పోదు, కనుక ఈ బుట్టల్లో వండిన పదార్థాలు పెట్టకూడదు.

ఈ పనికి కాలం సంక్రాంతి దాటాక. మన ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. తుఫాను ముసుర్లో అద్దిన బుట్ట వారంలో బూజు పడుతుంది.

అపోహ: మగవాళ్లు చేతిపనులకు రారు.

పూసలు, లేసు అంటే రారు. పగ్గం పేనాలంటే వస్తారు, వచ్చి పక్కవాడు పేనింది వదులుగా ఉందని వంకలు కూడా పెడతారు. నులక మంచం చిన్నసైజు చట్రంమీద, అంటే స్టూలుకో పీటకో, అల్లించొచ్చు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ల వాళ్లకు వల కన్ను వెయ్యడం కళ్లు మూసుకున్నా వస్తుంది. నైలాన్ దారంతో కూరగాయల సంచి వాళ్లచేతే అల్లించండి.

అపోహ: పోటీ పెట్టి బహుమతిస్తే హుషారొస్తుంది.

గెలిచేది ప్రతిసారీ ఆ ఇద్దరే. మిగతావాళ్లు మూడోవారం రారు.

అపోహ: రోజూ చేతిపని చేస్తే మతిమరుపు జబ్బు నయమవుతుంది.

కాదు. పొద్దు గడుస్తుంది, నలుగురిలో మాటా మంచీ కలుస్తుంది, వేళ్లు కదులుతాయి. అది తక్కువేం కాదు, కానీ మందులు ఆపే పని మాత్రం చెయ్యొద్దు. మతిమరుపువాళ్లకు ఒకసారి ఒకే మెట్టు చెప్పాలి. "ఇది మడవండి పెద్దమ్మా" అని, అది అయ్యాకే రెండోది. ముప్పావుగంట దాటితే చిరాకు మొదలవుతుంది. మజ్జిగిచ్చి ఆపెయ్యండి.

అపోహ: సూది, పూసలు వాళ్లకు కొట్టినపిండి, దగ్గరుండక్కర్లేదు.

చెయ్యికి తెలుసు, కంటికీ కాలికీ తెలియకపోవచ్చు. పూసలు సెంటీమీటరుకు తగ్గకుండా ఉండాలి. స్టీలు పళ్లెంలో గుడ్డ పరిచి పోస్తే దొర్లవు. నున్నటి బండలమీద నాలుగు పూసలు పడితే తుంటి ఎముక విరగడానికి చాలు. మతిమరుపున్నవాళ్ల ముందు పూసలే వద్దు, మింగుతారు. సూది బెజ్జంలోకి దారం దూరడం లేదని విసుగు పడకుండా దారం కొస కరిగిన మైనంలో ముంచి ఆరబెట్టి ఇవ్వండి, సూదిలా నిలబడుతుంది, పెద్ద పూసలకు అసలు సూదే అవసరం రాదు.

సూదులు ఇవ్వాల్సి వస్తే లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోవాలి. ఎర్రదారం తోక ఉన్న సూదే ఇవ్వండి, కిందపడితే కనపడుతుంది. షుగరుతో పాదాలు మొద్దుబారిన మనిషికి సూది దిగినా తెలియదు, పుండయ్యాకే బయటపడుతుంది. ఒక్కటి తగ్గినా గది తలుపు మూసి, అయస్కాంతం ముక్క నేలమీద తిప్పి, అది దొరికేదాకా ఎవర్నీ చెప్పుల్లేకుండా కుర్చీ దిగనివ్వొద్దు.