పెరటి షెడ్డులో పండ్ల వైన్: అసలు పేచీ ఎండతోనే

ఏప్రిల్ వచ్చిందంటే ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల జీడిమామిడి తోటల్లో కాలు మోపడం కష్టం. పసుపు, ఎరుపు పండ్లు రాలి, చితికి, ఈగలు ముసురుతుంటాయి. పిక్కను మెలితిప్పి తీసి సంచిలో వేసుకుంటారు. అది జీడిపప్పు మిల్లులున్న పలాస దారి పడుతుంది. పండు మాత్రం చెట్టు కిందే పులుస్తుంది. తూకం వేస్తే పిక్క కన్నా పండే ఎన్నో రెట్లు బరువు. విటమిన్ సి కూడా నారింజలో కంటే చాలా ఎక్కువ. గోవాలో ఈ రసాన్నే పులియబెట్టి, బట్టీ పెట్టి ఫెనీ తీస్తారు. దానికి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇక్కడ అదే పండు ఎరువుకైనా సరిగా పనికిరాకుండా పోతోంది.

పండుకు కొరత లేదు, పంచదార ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. కొరతంతా చల్లదనానికే. వైన్ తయారీ గురించి చెప్పే పుస్తకాలు చాలావరకు చలిదేశాల్లో పుట్టినవి. ‘జాడీని ఇంట్లో వెచ్చగా ఉన్న మూల పెట్టండి’ అంటాయి. ఆ మాటను గజపతి జిల్లాలో తు.చ. తప్పకుండా పాటిస్తే చేతికొచ్చేది ముక్కుపుటాలు మండించే పుల్లనీళ్లే.

దిగేముందు చట్టం సంగతి. మద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం. ఒడిశా ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ఇంటి వాడకానికే కదా అన్న ధీమా పనికిరాదు. పాతపట్నం వైపు దాటితే ఆంధ్ర చట్టం వర్తిస్తుంది. మహారాష్ట్ర అంచున తెలుగువాళ్లున్న సిరొంచ గడ్చిరోలి జిల్లాలోది. ఆ జిల్లాలో 1993 నుంచి ఏకంగా మద్యనిషేధమే. కాబట్టి జాడీలు కొనడానికి ముందే ఎక్సైజ్ కార్యాలయం మెట్లెక్కాలి.

ఇక షెడ్డు. పెరట్లో ఉత్తరం వైపు గోడ నీడ పడే చోటు వెతకాలి. పైకప్పు రేకు అయితే మధ్యాహ్నానికి లోపల పొయ్యి రాజేసినట్టే, తాటాకు కప్పితే కాస్త నయం. పైన కిటికీ ఉంటే చాలదు, గోడ అడుగున కూడా కన్నాలుండాలి. పులిసేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ గాలి కన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. 20 లీటర్ల రసం పూర్తిగా పులిసేసరికి వెయ్యి లీటర్లకు పైగా ఈ వాయువు వస్తుంది. తలుపులు మూసిన చిన్న గదిలో వంగి పనిచేసేవాళ్లకు ఊపిరి ఆడదు. ఇనుము, రాగి, అల్యూమినియం పాత్రలు పండ్ల పులుపుతో పేచీ పెట్టుకుంటాయి. గాజు, స్టీలు, ఆహారానికి పనికొచ్చే రకం ప్లాస్టిక్ మంచివి. కొనవలసిన పరికరాల్లో ముఖ్యమైనవి రెండే: రసం సాంద్రతను బట్టి చక్కెర ఎంతుందో చూపే హైడ్రోమీటరు, థర్మామీటరు. మూత సంగతి సులువు. బిరడాకు రంధ్రం చేసి, సెలైన్ గొట్టం దూర్చి, రెండో కొస నీళ్ల సీసాలో ముంచితే లోపలి వాయువు బుడగలుగా బయటికి వస్తుంది, బయటి గాలి లోపలికి పోదు.

జీడిమామిడి రసం నోట్లో పోసుకుంటే మొదట తీపి, మరుక్షణం గొంతు పట్టేసే వగరు. రసంలోని టానిన్లనే వగరు పదార్థాలు మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్ద కట్టడం వల్ల నోరు పిడచకట్టుకుపోతుంది. ఈ గుణాన్నే టానిన్ల మీదికి తిప్పవచ్చు. ఉడికించి చల్లార్చిన సగ్గుబియ్యం జావ గానీ పల్చటి గంజి గానీ రసంలో కలిపి కదలకుండా వదిలేయాలి. రసం విరిగిన పాలలా తునకలు తునకలవుతుంది. ఆ తునకలు ఒకదాన్నొకటి పట్టుకుని మెల్లగా అడుగుకు దిగుతాయి. పైన గడ్డి రంగు తేట మిగులుతుంది. దాన్ని గొట్టంతో వంచుకోవాలి. ఇంకొంచెం వగరు మిగిలినా కంగారు అక్కర్లేదు. వగరు అసలే లేని వైన్ చప్పగా ఉంటుంది.

ఈ తేటలో చక్కెర లీటరుకు సుమారు 115 గ్రాములుంటుంది. దీన్ని 200 గ్రాములకు పెంచాలంటే 20 లీటర్లకు దాదాపు 1.7 కిలోల పంచదార పడుతుంది. లీటరులో 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుందన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ ప్రకారం ఇది దాదాపు 12 శాతం దగ్గర ఆగుతుంది. రసంలో ముందే ఉన్న సూక్ష్మజీవులను అణచడానికి పొటాషియం మెటాబైసల్ఫైట్ కలుపుతారు, స్క్వాష్ చేసేవాళ్లు కె.ఎం.ఎస్. అంటారు. 20 లీటర్లకు రెండు గ్రాములు మించకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లు దాని పొగ పీల్చకూడదు. ఒక రోజు ఆగి వైన్ ఈస్ట్ చల్లాలి. రొట్టెల ఈస్ట్ కూడా పులియబెడుతుంది గానీ రుచి దగ్గర చేతులెత్తేస్తుంది.

180 గ్రాముల గ్లూకోజు నుంచి 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయన్న సమీకరణం ఫ్రెంచ్ రసాయనవేత్త గే-లుసాక్ 1815లోనే రాశాడు. ఆ పని చేసేది ప్రాణమున్న ఈస్టేనని పాశ్చర్ వాదించాడు. 1897లో జర్మన్ రసాయనవేత్త బుక్నర్ ఈస్ట్ కణాలను నూరి, పిండి తీసిన రసంతోనే చక్కెరను పులియబెట్టి చూపాడు. పని ఎంజైములదని తేలింది, 1907లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ సమీకరణంలో కనిపించని మూడో సరుకు ఒకటుంది. అదే వేడి.

మన 20 లీటర్ల జాడీలో నాలుగు కిలోల చక్కెర పులిసేసరికి దాదాపు 2,200 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. అదంతా లోపలే చిక్కుకుంటే రసం 26 డిగ్రీలు వేడెక్కుతుంది. నిజానికి చాలా వేడి జాడీ గోడల గుండా పోతుంది. కానీ అలా పోవాలంటే బయట చల్లగా ఉండాలి కదా. పండ్ల వైన్‌కు ఈస్ట్ 20 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా పనిచేస్తుంది. 35 దాటితే తడబడుతుంది, ఘాటైన ఇతర ఆల్కహాళ్లను వదులుతుంది, ఆల్కహాల్ పెరిగేకొద్దీ మరీ నీరసించి సగంలో పని ఆపేస్తుంది. మిగిలిన చక్కెర మీద బ్యాక్టీరియా పడుతుంది.

ఈ వేడిని దించడానికి ఫ్రిజ్ అక్కర్లేదు. జాడీకి గోనెసంచి చుట్టి, తడుపుతూ ఉంటే చాలు. లీటరు నీరు ఆవిరవడానికి సుమారు 2,400 కిలోజౌళ్లు కావాలి. అంటే వారం పొడవునా ఆ సంచి నుంచి ఒక్క లీటరు నీరు జాడీ వేడితోనే ఆవిరైతే, పులిసినప్పుడు పుట్టిన వేడి మొత్తం పోయినట్టే. ఎండవేడిని ఆపడానికి మరికొన్ని బిందెల నీళ్లతో తడపాలి. ఏప్రిల్ పొడిగాలిలో ఈ ఉపాయం దివ్యంగా నడుస్తుంది.

చిక్కు నేరేడుతో వస్తుంది. జూన్‌లో నల్లగా నిగనిగలాడుతూ పండే సమయానికే నైరుతి రుతుపవనాలు దిగుతాయి. గాలి నిండా తేమ. గోనె తడిగా అలాగే వేలాడుతుంది తప్ప ఆరదు. ఆరని గోనె చల్లబరచదు, పైగా బూజు పడుతుంది. అప్పుడు పెద్ద జాడీ మోజు వదులుకుని రసాన్ని ఐదేసి లీటర్ల సీసాల్లోకి పంచాలి. పాత్ర చిన్నదయ్యే కొద్దీ లీటరు రసానికి దక్కే గోడ వైశాల్యం పెరుగుతుంది, వేడి తొందరగా పోతుంది. వాటిని నీళ్ల తొట్టిలో నిలబెట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసా ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం వేస్తే చాలు. చక్కెరను కూడా ఒక్కసారిగా కాకుండా రెండు మూడు విడతలుగా వేస్తే వేడి అంతే పుడుతుంది గానీ ఒక్కరోజే మీద పడదు.

బుడగలు ఆగాక గాలి శత్రువు. ఆక్సిజన్ తగిలితే అసిటోబాక్టర్ బ్యాక్టీరియా ఆల్కహాల్‌ను అసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. మోసుకొచ్చేది పండ్ల మీద వాలే చిన్న ఈగలు. అలా పాడైన జాడీని పారబోయనక్కర్లేదు, గుడ్డ కట్టి వదిలేస్తే వినెగర్ అవుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం వినెగర్‌లో అసిటిక్ ఆమ్లం కనీసం 3.75 శాతం ఉండాలి. కానీ ఆ జాడీని షెడ్డులోంచి బయట పెట్టాలి, లేకపోతే మిగతావన్నీ అదే దారి పడతాయి.

మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ భయం గురించి ఒక్క మాట. పండ్లలోని పెక్టిన్ అనే జిగురు పదార్థం విరిగినప్పుడు అది కొద్దిగా పుడుతుంది. మామూలు పండ్ల వైన్‌లో ఆ మోతాదు స్వల్పం. కల్తీసారా చావులకు చాలావరకు కారణం పారిశ్రామిక మిథనాల్ కలపడం. అయినా ఇంట్లో బట్టీ జోలికి మాత్రం పోకూడదు. చట్టంతో పాటు నిప్పు, ఆల్కహాల్ ఆవిరి కూడా ప్రమాదమే.

సీసాల్లో నింపేముందు హైడ్రోమీటరు వరుసగా కొన్ని రోజులు ఒకే అంకె చూపాలి, అది 1.000 (మంచినీళ్లలో చూపే అంకె) కన్నా తక్కువగా ఉండాలి. చక్కెర మిగిలి ఉండగా బిరడా బిగిస్తే, మరో వేడి రోజున ఈస్ట్ మళ్లీ పని మొదలుపెట్టి సీసాను పగలగొడుతుంది. తీపి ఇష్టపడేవాళ్లు గ్లాసులో పోసుకున్నాక కాస్త పంచదార పాకం కలుపుకోవడమే క్షేమం.