వైరస్ మెదడు దాకా వెళ్లకపోయినా

ఫ్లూ జ్వరం మొదలైన రెండో రోజే బిడ్డకు ఫిట్స్ వస్తాయి. అవి ఆగినా తెలివి రాదు. పిలిస్తే పలకడు, తల్లి ముఖంలోకి చూసినా గుర్తుపట్టడు. స్కానింగ్‌లో మెదడు లోతున కుడి ఎడమల ఉండే రెండు థలమస్‌లూ ఒకే తీరున దెబ్బతిని కనిపిస్తాయి. జపాన్ వైద్యుడు మసాషి మిజుగుచి, ఆయన సహచరులు 1995లో వివరించిన ఈ జబ్బు పేరు అక్యూట్ నెక్రోటైజింగ్ ఎన్సెఫలోపతీ. చాలా అరుదైనదే, కానీ వస్తే ప్రాణాల మీదికి తెస్తుంది.

విచిత్రం ఏమిటంటే, వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తే చాలామందిలో ఫ్లూ వైరస్ దొరకదు. మెదడుకు ఇన్ఫెక్షన్ సోకితే పెరగాల్సిన తెల్లకణాలు కూడా పెరగవు. వైరస్ ఉండేది ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో. మరి మెదడును పాడుచేసింది ఎవరు? వైరస్‌ను తరమడానికి మన ఒళ్లే విడుదల చేసిన సైటోకైన్లు అనే రసాయనాలే అని పరిశోధకులు భావిస్తున్నారు. అవి హద్దు మీరితే మెదడు రక్తనాళాల గోడలు సడలి, ద్రవం బయటికి ఊరుతుంది. మెదడు ఉబ్బుతుంది, కణజాలం చచ్చిపోతుంది.

అందరికీ ఫ్లూ వస్తుంది కదా, కొందరికే ఇలా ఎందుకు? ఈ జబ్బు పదేపదే కనిపించిన కుటుంబాల్లో రాన్‌బీపీ2 అనే జన్యువులో మార్పు ఉందని 2009లో తేలింది. అయితే ఆ మార్పు ఉన్న వారందరూ జబ్బుపడరు.

వైరస్ మెదడులో లేకుండానే మెదడు ఉబ్బే జబ్బు మరొకటి ఉంది. ఆస్ట్రేలియా వైద్యుడు డగ్లస్ రై 1963లో వర్ణించిన రై సిండ్రోమ్. ఫ్లూ, ఆటలమ్మ వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వడానికీ దీనికీ సంబంధం ఉందని అమెరికాలో గుర్తించారు. అక్కడ 1979-80లో 555 కేసులు నమోదయ్యాయి. ఆస్పిరిన్ వద్దని హెచ్చరించాక, 1987 నుంచి 1997 దాకా ఏ ఏడూ 36 దాటలేదు. ఒక్క మాత్ర మానినందుకు ఎందరు బిడ్డలు బతికారో తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

జ్వరంలో వచ్చే మామూలు ఫిట్స్ వేరు. అవి సాధారణంగా నిమిషాల్లో తగ్గి, బిడ్డ కాసేపటికే తేరుకుంటాడు. నాకు భయమంతా మగత గురించే. "నీరసం, పడుకోనివ్వండి" అని మన ఇళ్లలో అనేస్తాం. లేపితే లేచి నీళ్లు తాగే బిడ్డ సంగతి వేరు. లేపినా లేవని బిడ్డను, పొంతన లేకుండా మాట్లాడే బిడ్డను తెల్లారేదాకా ఇంట్లో ఉంచకూడదు. మొదట చెప్పిన నెక్రోటైజింగ్ ఎన్సెఫలోపతీ వచ్చినా, మెదడు కాండం (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) దెబ్బతినని పిల్లల్లో, మొదటి 24 గంటల్లోనే వాపును అణిచే స్టెరాయిడ్ మందులు అందినవారు మెరుగ్గా కోలుకున్నారని జపాన్ వైద్యులు 2009లో తెలిపారు.