సురయ్యా ఫోన్ మీద అపోహలు - వాస్తవాలు

నేను షార్జా క్రీక్ పక్కన ఒక మెరైన్ ఎలక్ట్రానిక్స్ షాపులో పదకొండేళ్ల నుంచి పనిచేస్తున్నా, మాది కాకినాడ. వీహెచ్ఎఫ్ రేడియో సెట్లు, జీపీఎస్‌లు, ఫిష్ ఫైండర్లు అన్నీ బిగిస్తాం గానీ రోజూ నా బుర్ర తినేవి మాత్రం తురాయా శాటిలైట్ ఫోన్లే. లాంచీల మీద మనవాళ్ళు సురయ్యా అంటారు, అరబీలో అది కృత్తికా నక్షత్రాల పేరు. 1997లో యూఏఈలో పెట్టిన కంపెనీ, 2018లో యాహ్‌శాట్ కొనేసింది, 2024లో ఆ యాహ్‌శాట్ కూడా ఇంకో కంపెనీతో కలిసి స్పేస్42 అయింది. పేర్లు ఎన్ని మారినా కౌంటర్ దగ్గర అడిగే డౌట్లు అవే, చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: శాటిలైట్ ఫోన్ కదా, ఎక్కడైనా పనిచేస్తుంది

మొన్నామధ్య ఒక నాఖుదా వచ్చాడు, లాంచీ కెప్టెన్‌ని ఇక్కడ అలాగే పిలుస్తారు, కచ్ మనిషి, సోమాలియా ట్రిప్పులు వేస్తుంటాడు. ఫోన్ కౌంటర్ మీద ఠప్పున పడేసి ఖరాబ్ అన్నాడు. ఎక్కడ నిలబడి మాట్లాడతావ్ అంటే వీల్‌హౌస్‌లో, అంటే లాంచీ నడిపే గదిలో అన్నాడు, పైన రేకు, చుట్టూ చెక్క. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళి, యాంటెన్నా పూర్తిగా లాగి, దక్షిణానికి కాస్త పడమరగా తిప్పి, తల ఎత్తి సగం ఆకాశం కంటే కొంచెం పైకి చూడమన్నా. రెండు మూడు నిమిషాల్లో ఫోన్ తన జీపీఎస్ వెతుక్కుంది, బార్లు నిండాయి. ఆయన నన్ను చూసిన చూపు చూడాలి, నేనేదో మంత్రం వేసినట్టు.

మంత్రం ఏం లేదు. తురాయా-2 అనే శాటిలైట్ భూమధ్యరేఖ మీద, 44 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున కదలకుండా ఉన్నట్టు కనపడుతుంది. దుబాయ్, షార్జాల నుంచి చూస్తే సుమారు 58 డిగ్రీల ఎత్తులో. ఇంటి మీద డిష్ తిప్పినోడికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, మధ్యలో గోడ, కొండ, కంటైనర్ ఏది అడ్డొచ్చినా కాల్ అంతే. రూమ్‌లో, కారులో మాట్లాడాలంటే బయట యాంటెన్నా పెట్టే డాకింగ్ కిట్ వేరే కొనాలి.

ఇంకోటి, ఇది రీజనల్ సర్వీసు. యూరప్, ఆఫ్రికా, గల్ఫ్, ఆసియా వైపు తప్ప అమెరికా ఖండాల్లో అసలు లేదు. ధ్రువాల దాకా అన్నిచోట్లా కావాలంటే ఇరిడియం అనే ఇంకో కంపెనీ ఉంది, వాళ్ళవి 780 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే 66 శాటిలైట్లు, లెక్కే వేరు. మరి అంత దూరంలో ఉన్న తురాయాతో అరచేతిలో పట్టే ఫోన్ ఎలా మాట్లాడుతుంది అంటే, పైనున్న శాటిలైట్‌కి 12 మీటర్లు దాటిన గొడుగు లాంటి యాంటెన్నా ఉంది, మన ఫోన్ గొణిగినా దానికి వినపడుతుంది.

అపోహ: ఒక శాటిలైట్ పోతే ఇంకోటి చూసుకుంటుంది

ఇరిడియం లాంటి వాటిలో కొంతవరకు ఓకే. ఇక్కడ ఒక్కో ప్రాంతానికి ఒక్కో శాటిలైట్. 2024 ఏప్రిల్‌లో తురాయా-3లో పేలోడ్, అంటే సిగ్నల్ పంపే పరికరాలు పాడైతే ఆసియా-పసిఫిక్ వైపు, ఆస్ట్రేలియాతో సహా, సర్వీసు ఆగిపోయింది. గల్ఫ్ వైపు అప్పుడు తురాయా-2 చూసుకునేది కాబట్టి మాకు తేడా తెలీలేదు, కానీ అది 2003లో ఎగిరింది, దాని వయసు మీరే లెక్కేసుకోండి. కొత్తది తురాయా-4 ఎన్‌జీఎస్ 2025 జనవరి 3న ఫాల్కన్ 9 రాకెట్ మీద వెళ్ళింది.

అపోహ: వానొస్తే పోతుంది

డిష్ టీవీ మీద ఉన్న కోపం ఇది. డిష్ వాడేది కేయూ బ్యాండ్, దాన్ని వాన మింగేస్తుంది. ఇవి ఎల్ బ్యాండ్, 1.5, 1.6 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తాయి, వానకీ ఇసుక గాలికీ పెద్దగా లెక్కచెయ్యవు. తుపానులో ఫోన్ పోయిందంటే ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది, లేదా లోపలికి నీళ్ళు పోయి ఉంటాయి.

అపోహ: మాట తెగుతోంది, ఫోన్ పాడైంది

పైకి 36,000, కిందికి 36,000, మొత్తం 72,000 కిలోమీటర్లు, వెలుతురు వేగంతో వెళ్ళినా పావు సెకను పడుతుంది. అవతలి వాళ్ళ జవాబు వెనక్కి రావడానికి ఇంకో పావు. అమ్మ బాగుందా అని అడిగి, జవాబు రాలేదని హలో హలో వినపడతందా అనేసరికి అప్పుడే అవతల నుంచి బాగుందిరా అని వచ్చి రెండూ గుద్దుకుంటాయి, ఇద్దరూ ఆగిపోతారు, మళ్ళీ ఇద్దరూ ఒకేసారి మొదలెడతారు, ఇలా నాలుగు నిమిషాలు డబ్బులిచ్చి హలోలే చెప్పుకుంటారు. ఒక మాట పూర్తిగా చెప్పి ఆగండి, పాతకాలం వైర్‌లెస్‌లో ఓవర్ అన్నట్టు. డబ్బులంటే గుర్తొచ్చింది, ఊరి నుంచి +88216తో మొదలయ్యే తురాయా నంబర్‌కి చేస్తే మీ ఇంట్లోవాళ్ళ బ్యాలెన్స్ కూడా ఊడ్చుకుపోతుంది, ముందే చెప్పి పెట్టండి.

అపోహ: దీన్ని ఎవడూ పట్టుకోలేడు, వినలేడు

సినిమాల పుణ్యం. నెట్‌వర్క్‌లో రిజిస్టర్ అవ్వాలంటేనే ఫోన్ తన జీపీఎస్ లొకేషన్ చెప్పాలి, అంటే స్విచాన్ చేసినప్పుడే మీరెక్కడున్నారో వాళ్ళకి తెలుస్తుంది. వినడం సంగతి అంటారా, 2012లో జర్మనీలో బోహుమ్ యూనివర్సిటీ వాళ్ళు తురాయా వాడే జీఎంఆర్-1 సైఫర్‌ని, అంటే మాటలు ఎవరూ వినకుండా వేసే తాళాన్ని, విప్పి చూపించారు, పాత మొబైల్ ఫోన్ల జీఎస్ఎం తాళానికి దగ్గరి చుట్టమే అది.

అపోహ: ఇది ఉంటే వీహెచ్ఎఫ్, ఎపిర్బ్ అక్కర్లేదు

ఇది చెప్పి అమ్మేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. సముద్రంలో ప్రమాద సమాచారానికి జీఎండీఎస్ఎస్ అని అంతర్జాతీయ పద్ధతి ఉంది, దాంట్లో ఇన్మార్‌శాట్ అనే ఇంకో శాటిలైట్ కంపెనీకి, ఇరిడియంకి గుర్తింపు ఉంది, తురాయాకి లేదు. పడవ తిరగబడుతుంటే డయల్ చేసే టైమ్ ఎవడికుంటుంది? వీహెచ్ఎఫ్‌లో ప్రమాద పిలుపుల ఛానల్ 16 ఆన్‌లో ఉండాలి, నీళ్ళలో పడగానే తనంతట తానే ప్రమాద సిగ్నల్ పంపి అరిచే ఎపిర్బ్ ఉండాలి. మన తీరంలో బోట్లకైతే ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు మత్స్యశాఖ ద్వారా ఇస్తున్నారు, మొబైల్ సిగ్నల్ లేని చోట కూడా మెసేజ్ వెళ్తుంది. ఇస్తే అటక మీద పెట్టకుండా బోటుకి బిగించుకోండి.

అపోహ: నా డబ్బుతో కొన్నా, ఇండియా తీసుకెళ్తే ఎవడేమంటాడు

అసలు ఈ పోస్ట్ మొదలెట్టిందే దీనికోసం. ఎడారి క్యాంపులో డ్రైవర్‌గా చేసే జగిత్యాల అన్న ఒకాయన, క్యాంపులో పక్కన పడేసిన పాత సెట్టు పట్టుకొచ్చి దీనికి బ్యాటరీ వెయ్యి తమ్మీ అన్నాడు. దేనికన్నా అంటే, "ఊరికి తీస్కపోత, పోరగాండ్లకు సూపిస్త, సిమ్ము గూడ లేదు, ఏమైతది?" అని నవ్వాడు. అన్నా కూర్చో ముందు అని టీ తెప్పించా.

ఇండియాలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ దగ్గర ఉంచుకోవడమే నేరం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచీ ఉన్న మాట ఇది. 2008 ముంబై దాడుల్లో టెర్రరిస్టులు తురాయా ఫోన్ వాడారు, అందుకే ఆ పేరు వింటేనే అధికారులకి చెవులు నిక్కపొడుస్తాయి. తురాయా, ఇరిడియం రెండూ అంతే. సిమ్ లేదు, బ్యాటరీ లేదు, గిఫ్ట్‌గా తెచ్చా అంటే ఎయిర్‌పోర్ట్‌లో ఎవరూ వినరు, ఫోన్ పోవడం మాత్రమే కాదు, కేసు కూడా. నిజంగా అవసరం ఉన్నవాళ్ళకి టెలికాం శాఖ అనుమతితో బీఎస్ఎన్ఎల్ ఇన్మార్‌శాట్ ఫోన్ ఇస్తుంది, 2017 నుంచి ఆ సర్వీసు ఉంది, కానీ అది సరదాకి దొరికేది కాదు. ఓడల్లో చేసే మన తమ్ముళ్ళు కూడా ఎవరి దగ్గరైనా సొంత సెట్టు ఉంటే ఇండియా సముద్రం దరికి రాకముందే మాస్టర్‌కి, అంటే ఓడ కెప్టెన్‌కి చెప్పండి, బ్యాగ్‌లో దాచకండి.

అన్న టీ తాగి కాసేపు గమ్మునున్నాడు. తర్వాత ఆ సెట్టుని మళ్ళీ కవర్లో చుట్టి క్యాంపులో ఇచ్చేస్తా అన్నాడు, పిల్లలకి చూపించడానికి మాత్రం నా ఫోన్‌తో దాన్ని పట్టుకుని ఒక ఫోటో తీయించుకుని వెళ్ళాడు.