హెల్మెట్ లేకపోతే పోయేది వెయ్యి రూపాయలేనా? అపోహలు - వాస్తవాలు

రోడ్డు ప్రమాదాల్లో పరిహారం కేసులు వాదించడం నా వృత్తి. హెల్మెట్ లేకుండా పోలీసులకు దొరికినవారు ఫోను చేసి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎంత కట్టాలి సార్?" "నా లైసెన్సు ఏమవుతుంది?" అని అడిగినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మోటారు వాహనాల చట్టంలో జరిమానా, లైసెన్సుపై అనర్హత రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. చాలామంది ఆ వాక్యంలో సగం దగ్గరే ఆగిపోతున్నారు. మిగతా సగం మనిషిని ఎక్కడిదాకా లాక్కెళ్తుందో కేసుల్లో చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: జరిమానా కట్టేస్తే లెక్క తీరిపోయినట్లే

ఒకప్పుడు ఇది చాలావరకు నిజం. పాత చట్టంలో హెల్మెట్‌కు ప్రత్యేకమైన శిక్ష లేదు. సెక్షన్ 177 కింద మొదటిసారి 100 రూపాయల దాకా కట్టించుకుని పంపేసేవారు. 2019లో చట్టాన్ని సవరించి సెక్షన్ 194డి చేర్చారు. అది ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా, దానితో పాటు 3 నెలలు లైసెన్సు కలిగి ఉండటానికి అనర్హత. "లేదా" కాదు, "మరియు". ఆ ఒక్క మాట దగ్గరే అందరూ పొరబడుతున్నారు.

చలానా సొమ్ము రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. సెక్షన్ 200 కింద నేరాన్ని రాజీ చేసుకునే (విచారణ లేకుండా సొమ్ము కట్టి ముగించుకునే) రుసుమును రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించవచ్చు, అందుకే కొన్నిచోట్ల వెయ్యి కంటే తక్కువ కట్టించుకుంటారు. అయితే రుసుము కట్టినంత మాత్రాన లైసెన్సుపై చర్య ఆగదని అదే సెక్షన్ చెబుతోంది.

ఆ చర్య ఎలా మొదలవుతుందో సెక్షన్ 206లో ఉంది. హెల్మెట్ నేరం జరిగిందని నమ్మే కారణం ఉంటే పోలీసు అధికారి లైసెన్సు స్వాధీనం చేసుకుని, లైసెన్సు ఇచ్చిన అధికారికి పంపాలి. మీకు ఒక రశీదు ఇస్తారు. ఆ రశీదు చూపించి బండి నడపవచ్చని అనుకుంటారు. నడపకూడదు. లైసెన్సు తిరిగి చేతికి వచ్చేవరకు ఆ రశీదు నడిపే హక్కు ఇవ్వదని చట్టం స్పష్టంగా రాసింది.

తర్వాత రవాణా అధికారి మీ వాదన వినాలి. ఇది మీ హక్కు. నోటీసు వస్తే తప్పకుండా వెళ్లండి. కారణాలు విని అధికారి వదిలేయవచ్చు, లేదా కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి అనర్హత వేటు వేయవచ్చు. మొదటిసారి అయితే 3 నెలలు. రెండోసారి దొరికితే చట్టం చెప్పేది లైసెన్సు రద్దే. గడువు ముగిశాక కూడా లైసెన్సు దానంతట అది చేతికి రాదు. డ్రైవర్లకు నిర్వహించే పునశ్చరణ శిక్షణ పూర్తిచేయాలి.

ఆ 3 నెలల్లో బండి తీస్తే? సెక్షన్ 182 కింద 3 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. హెల్మెట్ దగ్గర మొదలైన వ్యవహారం జైలు అనే మాట దగ్గరికి వచ్చేసింది చూడండి.

అంతకన్నా భయపెట్టేది బీమా. ఇంటింటికీ పార్సిళ్లు చేరవేసే ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. హెల్మెట్ లేక దొరికి, జరిమానా కట్టి, లైసెన్సుపై వచ్చిన ఉత్తర్వును పట్టించుకోకుండా పనికి వెళ్తూనే ఉన్నాడు. రోజు కూలి పోతుందన్న భయం అతనిది, నేను తప్పు పట్టలేను. రెండో నెలలో రోడ్డు దాటుతున్న ఒక పెద్దాయనను ఢీకొట్టాడు. ఆయన కాలు విరిగింది. పాలసీ గడువులోనే ఉంది కాబట్టి కంపెనీయే చూసుకుంటుందని కుటుంబమంతా ధీమాగా ఉంది. కానీ అనర్హత కాలంలో నడిపిన వ్యక్తి విషయంలో బాధ్యత నిరాకరించే అవకాశాన్ని సెక్షన్ 150 బీమా కంపెనీకి ఇస్తోంది. ప్రమాద పరిహార కేసులు విచారించే ట్రిబ్యునల్, బాధితుడికి ముందు కంపెనీయే చెల్లించాలని, ఆ తర్వాత బండి యజమాని నుంచి రాబట్టుకోవచ్చని తీర్పు ఇచ్చింది. బండి ఆ యువకుడి తండ్రి పేరు మీద ఉంది.

చాలాచోట్ల పోలీసులు చలానాతో సరిపెడుతున్న మాట నిజమే. లైసెన్సు అడగరు, పంపరు. దానివల్లే ఈ అపోహ ఇంత బలపడింది. అధికారి ఈరోజు అడగలేదు కాబట్టి చట్టంలో లేదనుకోవడం ప్రమాదకరం. పైగా ఇప్పుడు లైసెన్సు కార్డు తీసుకోవలసిన పని కూడా లేదు, అనర్హత వివరాలు రవాణా శాఖ పోర్టల్‌లోనే నమోదవుతాయి.

అపోహ: నడిపేవారికి ఉంటే చాలు, వెనుక కూర్చున్నవారికి అక్కర్లేదు

సెక్షన్ 129 ప్రకారం బహిరంగ ప్రదేశంలో మోటారు సైకిల్ నడిపే, దాని మీద ప్రయాణించే, దాని మీద తీసుకెళ్లబడే ప్రతి వ్యక్తీ, 4 ఏళ్లు దాటితే చాలు, హెల్మెట్ పెట్టుకోవాలి. వెనుక కూర్చున్నవారు పెట్టుకోకపోతే ఎవరిని శిక్షిస్తారో తెలుసుకుంటే ఆశ్చర్యపోతారు. 194డి శిక్షించేది నడిపినవారిని, అలా నడపనిచ్చినవారిని. అంటే భార్య హెల్మెట్ పెట్టుకోకపోతే భర్త లైసెన్సు మీదికి రావచ్చు. బండి అరువిచ్చిన యజమాని కూడా "నడపనిచ్చినవారు" అనే మాట కిందికి వచ్చే అవకాశం ఉంది.

స్త్రీలకు మినహాయింపు ఉందని ఇప్పటికీ నమ్మేవారున్నారు. లేదు. మినహాయింపు తలపాగా ధరించిన సిక్కులకు మాత్రమే. తలనొప్పి, మెడనొప్పి అని వైద్యుడు రాసిచ్చిన చీటీ ఈ సెక్షన్‌లో ఎక్కడా మినహాయింపుగా లేదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో మరణించినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. ఈ రెండో సంఖ్య చదివినప్పుడల్లా నాకు నా కక్షిదారుల ఇళ్లు గుర్తొస్తాయి. బండి నడిపిన మనిషి బతికి, వెనుక కూర్చున్న తల్లో భార్యో పోయిన ఇళ్లు అవి.

4 ఏళ్లలోపు పిల్లల సంగతి వదిలేశారనుకోకండి. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం 9 నెలల నుంచి 4 ఏళ్ల మధ్య పిల్లలకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. సైకిల్ హెల్మెట్ అయినా ఫర్వాలేదు. బిడ్డను నడిపేవారికి కట్టి ఉంచే భద్రతా పట్టీ కావాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఈ నిబంధన పాటిస్తున్న తల్లిదండ్రులు నాకు రోడ్డు మీద ఎంత అరుదుగా కనిపిస్తారో చెప్పలేను.

అపోహ: తల మీద ఏదో ఒకటి ఉంటే చాలు

చట్టమే హెల్మెట్ అంటే ఏమిటో చెప్పింది. ఆకారం, పదార్థం, తయారీ ప్రమాదంలో తలను కాపాడేలా ఉండాలి. పట్టీతో తలకు గట్టిగా బిగించి ఉండాలి. పట్టీ పెట్టుకోని హెల్మెట్ చట్టం దృష్టిలో హెల్మెట్ పెట్టుకోనట్లే. ట్యాంకు మీద పెట్టుకున్నది, మోచేతికి తగిలించుకున్నది ఎలాగూ లెక్కలోకి రావు.

ఐఎస్‌ఐ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్ల తయారీ, అమ్మకం 2021 జూన్ 1 నుంచి నిషేధం. ప్రమాణం పేరు ఐఎస్ 4151. రోడ్డు పక్కన చవకగా దొరికే, భవన నిర్మాణ కార్మికుల టోపీలాంటివి పెట్టుకుని "హెల్మెట్ ఉంది కదా" అని వాదిస్తే నిలవదు. కొత్త బండి కొన్నప్పుడు ప్రమాణాలకు తగిన హెల్మెట్ ఇవ్వాల్సిన బాధ్యత తయారీదారుపై ఉందని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. షోరూములో అడిగి తీసుకోండి.

అపోహ: మా వీధిలోకే కదా, స్కూటరే కదా

ప్రజలకు వెళ్లే హక్కు ఉన్న ప్రతి దారీ బహిరంగ ప్రదేశమే. సందు అయినా, పాలకు వెళ్లే మలుపు అయినా అంతే. చట్టంలో మోటారు సైకిల్ అంటే రెండు చక్రాల మోటారు వాహనం, స్కూటర్లు కూడా అందులోవే. విద్యుత్ స్కూటర్లకూ మినహాయింపు లేదు. గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపే ఉన్న, 250 వాట్లకు తక్కువ మోటారు ఉన్న వాటిని మాత్రమే నిబంధనలు మోటారు వాహనంగా పరిగణించవు.

అపోహ: కెమెరా ఫొటోకు విలువ లేదు, ఆపి పట్టుకుంటేనే నేరం

ఎలక్ట్రానిక్ నిఘాకు 2019 సవరణ సెక్షన్ 136ఏ ద్వారా చోటిచ్చింది. దాని విధివిధానాలు 2021లో నిబంధన 167ఏగా వచ్చాయి. హెల్మెట్ లేకపోవడం అందులో పేర్కొన్న నేరాల్లో ఒకటి. పరికరానికి ధ్రువీకరణ ఉండాలి. చిత్రంలో నేరంతో పాటు నంబరు ప్లేటు, స్థలం, తేదీ, సమయం తెలియాలి.

అయితే చలానా వచ్చిందంటే నేరం రుజువైపోయినట్లు కాదు. బండి మీది కాకపోతే, అమ్మేసి ఉంటే, ఫొటోలో హెల్మెట్ కనిపిస్తుంటే అభ్యంతరం చెప్పండి, న్యాయస్థానంలో ఎదుర్కోండి. పట్టించుకోకుండా పేర్చుకుంటూ పోవడం మాత్రం వద్దు. నా దగ్గరకు వచ్చేసరికి కొందరివి పదుల సంఖ్యలో ఉంటాయి.

పోలీసులు పెట్టుకోకుండా తిరుగుతుంటే మనకెందుకీ నిబంధన అని కోపంగా అడుగుతారు. ఆ కోపం న్యాయమే. చట్టాన్ని అమలు చేయవలసిన అధికారే ఉల్లంఘిస్తే శిక్ష రెండింతలని సెక్షన్ 210బి చెబుతోంది.

అపోహ: పిల్లవాడు చిన్నవాడు, కేసు పెట్టరు

పిల్లవాడి మీదే కాదు, మీ మీద కూడా పెడతారు. సెక్షన్ 199ఏ ప్రకారం మైనరు ఈ చట్టం కింద నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు. తమకు తెలియకుండా జరిగిందని, లేదా అడ్డుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకున్నామని రుజువు చేసుకోగలిగితేనే పెద్దలకు ఊరట. ట్యూషన్‌కు మీరే తాళాలు ఇచ్చి పంపి ఉంటే ఆ మాట ఎలా చెప్పగలరు?

అపోహ: హెల్మెట్ లేకుండా ప్రమాదం జరిగితే పరిహారం రాదు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అపోహే. మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలు దీన్ని నమ్మి దావా వేయడమే మానేస్తున్నాయి, లేదా ఎవరో మధ్యవర్తి ఇచ్చిన కొద్దిపాటి సొమ్ముతో సంతకం పెట్టేస్తున్నాయి. దయచేసి అలా చేయకండి.

బీమా కంపెనీ తప్పించుకోవడానికి సెక్షన్ 150 అనుమతించే కారణాల్లో బాధితుడికి హెల్మెట్ లేకపోవడం లేదు. లారీ వచ్చి మిమ్మల్ని గుద్దితే తప్పు లారీది. తలకు హెల్మెట్ లేదు కాబట్టి లారీ అదుపు తప్పలేదు కదా. కంపెనీ వాదించగలిగేది ఒక్కటే: గాయం తీవ్రత పెరగడంలో బాధితుడి నిర్లక్ష్యం కూడా ఉంది, కాబట్టి పరిహారంలో కొంత కోత వేయండి అని. తలకు గాయమైన కేసుల్లో కొన్ని న్యాయస్థానాలు ఆ కోత వేశాయి, మరికొన్ని నిరాకరించాయి. కాలు విరిగిన కేసులో ఆ వాదనకు నిలబడే చోటే లేదు. ఒకే బండి మీద ముగ్గురు ప్రయాణించిన కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం మాకు ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. నిబంధన ఉల్లంఘించారన్న ఒక్క కారణంతో బాధితుడికి నిర్లక్ష్యం అంటగట్టకూడదు, ఆ ఉల్లంఘన ప్రమాదానికో దెబ్బ తీవ్రతకో కారణమైందని రుజువు కావాలి.

ఢీకొట్టిన డ్రైవరుపై పెట్టిన క్రిమినల్ కేసు కూడా దీనివల్ల వీగిపోదు. చనిపోయినవారి వంతు నిర్లక్ష్యం క్రిమినల్ చట్టంలో నిందితుడికి రక్ష కాదు.

దావా వేయాలంటే ఆలస్యం చేయకండి. ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఉంది.

ఇంకొక మాట, హెల్మెట్ పెట్టుకుని ప్రమాదానికి గురైనవారి కుటుంబాలకు. రక్తం అంటిన ఆ హెల్మెట్‌ను చూడలేక ఆస్పత్రి దగ్గరే పారేస్తారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఏడాది తర్వాత కంపెనీ న్యాయవాది "మృతుడు హెల్మెట్ ధరించలేదు" అని ఒక్క వాక్యం రాస్తారు, అప్పుడు మన చేతిలో ఏమీ ఉండదు. పగిలినా సరే దాన్ని దాచండి, ఫొటోలు తీయండి, ఘటనా స్థలంలో పోలీసులు రాసే పంచనామాలో హెల్మెట్ దొరికిన సంగతి నమోదు చేయమని అడగండి. మొదట చేర్చుకున్న ఆస్పత్రి కాగితాల్లో "హెల్మెట్ ధరించి ఉన్నారు" అని రాయించండి.