ఆ ఎముకలు కొడుకువా, తమ్ముడివా?

గౌతమి పాయ పక్క లంకలో ఇసుక కింద బయటపడిన ఎముకల గొడవ ఈ వారం మళ్లీ రాజుకుంది. తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్ఏ తల్లితో కలిసింది కాబట్టి అవి తప్పిపోయిన కొడుకువేనని పోలీసుల మాట. తల్లి మాత్రం ఎముకలు తీసుకోనంటోంది. "మా తమ్ముడు కూడా ఏటి మీదకెళ్లి తిరిగి రాలేదు కదండీ, వాడివైతే?" అని అడుగుతోంది. పెద్దకర్మ ఎవరి పేరున చేయాలో తేలక ఇల్లంతా టెన్షన్.

డీఎన్ఏ అంటే ఏమిటో ఇప్పుడు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ చిక్కుకు మూలం 1994లో ఉంది. రష్యా చివరి జార్ (చక్రవర్తి) కుటుంబానివిగా అనుకున్న ఎముకల మీద ఫోరెన్సిక్ శాస్త్రవేత్త పీటర్ గిల్ బృందం బ్రిటన్‌లో చేసిన పరీక్షలు ఆ ఏడాదే అచ్చయ్యాయి. బ్రిటన్ రాణి ఎలిజబెత్ భర్త ప్రిన్స్ ఫిలిప్ జార్ భార్యకు అక్క కూతురి కొడుకు. ఆయన రక్తంలోని మైటోకాండ్రియల్ డీఎన్ఏతో ఆమె ఎముకలు కలిశాయి. ముగ్గురు కూతుళ్ల ఎముకలూ అచ్చం అలాగే కలిశాయి. ఆ నలుగురిలో తల్లెవరో బిడ్డలెవరో ఈ పరీక్ష చెప్పలేదు. ఆ బంధం తేల్చింది తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే కణ కేంద్రకంలోని డీఎన్ఏ. జనం నోళ్లలో నానింది మాత్రం ఫిలిప్ రక్తం కథ. 'తల్లి వంశంతో కలిసింది' అన్న మాటను 'మనిషి దొరికాడు' అని చదువుకోవడం అక్కడే మొదలైందని నా అనుమానం.

ఈ మైటోకాండ్రియల్ పరీక్ష ఊరికే రాలేదు. నీళ్లలో నానిన ఎముకలో కేంద్రక డీఎన్ఏ త్వరగా పాడవుతుంది. కణానికి రెండే ప్రతులు. మైటోకాండ్రియల్‌వి వందలు, వేలు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటును అక్టోబరు 22న బయటికి లాగాక, గుర్తుపట్టలేని శవాలకు డీఎన్ఏ పరీక్షలే దిక్కయ్యాయి.

కానీ ఒక తల్లి కడుపున పుట్టిన వాళ్లందరికీ మైటోకాండ్రియల్ డీఎన్ఏ ఒకటే. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లోనైతే మొగుడూ పెళ్లాలకూ ఒకటే!

"నా నమూనా ఎందుకు తీసుకోలేదు?" అని తండ్రి అడిగితే, ఇది తండ్రి నుంచి రాదని జవాబిచ్చారట. నిజమే. మగవాళ్లలో ఉండే వై క్రోమోజోమ్ మాత్రం కొడుకుకు తండ్రి నుంచే వస్తుంది. ఎముకలో అది దొరికితే, కొడుకుదైతే ఆయనతో కలుస్తుంది, బావమరిదిదైతే కలవదు. బుగ్గ లోపల దూదిపుల్లతో ఒకసారి రుద్దితే చాలు. ఆ నమూనా ఇంకా తీసుకోలేదు.